ఎర్ర లైటు వెలుగుతోంది, పోర్టు మాత్రం కనిపించట్లేదు

ల్యాబ్ బల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ప్రోగ్రామ్ ఎక్కించి వాడే బుల్లి ఎలక్ట్రానిక్ బోర్డు కొన్నారు, కంప్యూటర్‌కి తగిలించారు, అక్కడే ఆగిపోయారు. పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ప్రోగ్రామ్ రాయలేక మానేసిన పిల్లల్ని చూసింది తక్కువ. మొదటి లైటు వెలగక మానేసినవాళ్లే ఎక్కువ. అందుకే ఈసారి వేరే సంగతులన్నీ పక్కన పెట్టి, కొత్త బోర్డు ఇంటికొచ్చిన మొదటి రోజు గురించే రాస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను బీటెక్ ఈసీఈ రెండో ఏడాది. మినీ ప్రాజెక్ట్ కోసం ఈఎస్పీ32 బోర్డు కొన్నాను. ల్యాప్‌టాప్‌కి పెడితే ఎర్ర లైటు వెలుగుతోంది. ప్రోగ్రామ్ రాసి బోర్డుకి ఎక్కించే ఆర్డునో ఐడీఈలో, బోర్డు పేరు కనిపించాల్సిన పోర్టు దగ్గర మాత్రం ఏమీ రావట్లేదు. బోర్డుని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మూడుసార్లు వేశాను, చివరికి విండోస్ కూడా మళ్లీ వేయించాను. షాపతను వాపసు తీసుకోనంటున్నాడు. సోమవారం రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: తల్లీ, ముందు కాస్త ఊపిరి పీల్చుకో. లైటు వెలుగుతూ, చిప్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కకుండా ఉంటే ఆ బోర్డు బతికే ఉందని నమ్ము. నీ ఉత్తరంలో డ్రైవర్ గురించి ఉంది, విండోస్ గురించి ఉంది. ఏ వైరుతో తగిలించావో మాత్రం లేదు. నా అనుమానమంతా దానిమీదే.

యూఎస్‌బీ వైరు పైతొడుగు ఒలిస్తే లోపల నాలుగు సన్నటి తీగలుండాలి. ఎరుపు, నలుపు కరెంటు కోసం. ఆకుపచ్చ, తెలుపు కంప్యూటర్‌కీ బోర్డుకీ మధ్య మాటలు నడవడానికి. చార్జింగ్ కోసమే చేసిన చవక వైర్లలో ఆ రెండూ వెయ్యరు. అలాంటి వైరు పెడితే బోర్డుకి 5 వోల్టులు అందుతాయి, ఎర్ర లైటు నిక్షేపంగా వెలుగుతుంది. కంప్యూటర్‌కి మాత్రం అక్కడొక బోర్డు ఉందన్న సంగతే తెలియదు. అలాంటప్పుడు డ్రైవర్ ముప్ఫైసార్లు వేసినా పోర్టు రాదు.

నాకిది ఎలా తెలిసిందో చెప్తాను. మా ల్యాబ్ బీరువాలో ‘పోయినవి’ అని నా చేత్తో రాసిన అట్టపెట్టె ఒకటి ఉండేది. పిల్లలు ‘పలకట్లేదు మేడమ్’ అని తెచ్చిన బోర్డులన్నీ అందులోకే వెళ్లేవి. ఒక వేసవిలో డిప్లొమా మూడో ఏడాది అమ్మాయి ఆ పెట్టె అడిగి తీసుకుని, తన ఫోను వైరుతో ఒక్కో బోర్డూ తగిలించి చూసింది. పదకొండింట్లో ఎనిమిది పలికాయి. ల్యాబ్ కోసం ఒకేసారి కొన్న వైర్లలో ఒకదాన్ని కత్తిరించి చూస్తే లోపల ఎరుపు, నలుపు తప్ప ఇంకేమీ లేవు. ఆ ఎనిమిది బోర్డులు తెచ్చిన పిల్లల్లో ఎంతమంది తమకిక చేతకాదనుకుని వెళ్లిపోయారో! అది తలచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. ఈ శీర్షిక రాస్తానని ఒప్పుకోవడానికి కారణం కూడా అదే.

వైరు పరీక్ష చాలా తేలిక. అదే వైరుతో ఏదైనా ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకో. ఫొటోల ఫోల్డర్ తెరుచుకుంటే వైరు మంచిదే. చార్జింగ్ ఎక్కడం తప్ప ఇంకేమీ జరక్కపోతే ఆ వైరుని వేరుగా పెట్టి, దానికి ఎర్ర దారం కట్టు. మళ్లీ పొరపాటున చేతికి రాకూడదు.

వైరు మంచిదని తేలాక, విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి, దానిమీదే కళ్లు పెట్టి బోర్డుని తగిలించు, తియ్యి, మళ్లీ తగిలించు. తగిలించగానే విండోస్ చిన్న శబ్దం చేస్తుంది, జాబితా ఒకసారి కదులుతుంది. ‘పోర్ట్స్’ కింద కామ్3 అనో కామ్5 అనో కొత్తది చేరితే పని అయిపోయినట్టే. ‘అదర్ డివైసెస్’ కింద పసుపు త్రికోణంతో వస్తే అప్పుడు డ్రైవర్ కావాలి. నువ్వు మూడుసార్లు వేశావు, సరే, కానీ నీ బోర్డుకి పనికొచ్చేదే వేశావా? మామూలు ఈఎస్పీ32 చిప్ నేరుగా యూఎస్‌బీ మాట్లాడలేదు. సాకెట్ పక్కన ఇంకో బుల్లి చిప్ ఉంటుంది, మధ్యవర్తి అదే. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చిని బోర్డుకి పక్కనుంచి ఏటవాలుగా పట్టు. నల్లటి చిప్ మీద బూడిదరంగు అక్షరాలు అప్పుడే కనిపిస్తాయి. చదరంగా, కాళ్లు బయటికి కనబడకుండా ఉంటే చాలావరకు సీపీ2102. దాని డ్రైవర్ సిలికాన్ ల్యాబ్స్ వాళ్లది. పొడవుగా, రెండు వైపులా కాళ్లతో ఉంటే సీహెచ్340 అయ్యుంటుంది. దానిది డబ్ల్యూసీహెచ్ వాళ్ల డ్రైవర్. ఒకదానికి ఇంకోదాని డ్రైవర్ పనిచేయదు. చిప్ చేసినవాళ్ల సైటు నుంచే దించుకో.

పోర్టు వచ్చిందనుకో. వెంటనే ప్రాజెక్ట్ కోడ్ జోలికి వెళ్లకు. ఐడీఈలో బోర్డు పంపే మాటలు చూపే సీరియల్ మానిటర్ తెరిచి, వేగం 115200 పెట్టి, బోర్డు మీద ‘ఈఎన్’ అని ఉన్న బటన్ ఒకసారి నొక్కు. ‘పవర్‌ఆన్ రీసెట్’ లాంటి మాటలు నాలుగు వరసలు పడతాయి. ఆ మాటలు మన ప్రోగ్రామ్‌వి కావు, చిప్ లోపల ఫ్యాక్టరీలోనే పెట్టిన రోమ్ రాసేవి. బోర్డు ఖాళీగా ఉంటే ‘ఇన్వాలిడ్ హెడర్’ అని ఆగకుండా కొడుతూనే ఉంటుంది. అది చూసి కంగారుపడకు. లోపల రాసింది ఏమీ లేదని చిప్ తనే చెప్తోంది, అంటే ఆరోగ్యంగా ఉంది. వేగం తప్పు పెడితే మాత్రం పిచ్చి గుర్తులు వస్తాయి.

ఆ తర్వాత లైటు ఆరివెలిగే బ్లింక్ ప్రోగ్రామ్. అప్‌లోడ్ నొక్కాక కింద ‘కనెక్టింగ్’ అని చుక్కలు, గీతలు పడుతూ చివరికి ఫెయిల్ అయితే, ఈసారి ఆ చుక్కలు మొదలవగానే ‘బూట్’ బటన్ నొక్కి పట్టుకో. శాతాల లెక్క కనిపించగానే వదిలెయ్. చిప్ మేలుకునే క్షణంలో జీపీఐఓ 0 అనే పిన్ను గ్రౌండ్‌కి తగిలి ఉంటేనే అది కొత్త ప్రోగ్రామ్ తీసుకుంటుంది. మామూలుగా ఆ పని బోర్డే చూసుకుంటుంది. కొన్ని బోర్డుల్లో ఆ క్షణం తప్పిపోతుంది, అంతే. ప్రతిసారీ బటన్ పట్టుకోవాల్సి వస్తుంటే ఈఎన్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు, మైనస్ కాలు గ్రౌండ్ వైపు.

ఇంకొకటి. అప్‌లోడ్ అయినా లైటు ఆరివెలగకపోతే ప్రోగ్రామ్ తప్పని అనుకోకు. ముప్ఫై పిన్నుల బోర్డుల్లో చాలావాటికి జీపీఐఓ 2 మీద నీలం లైటు ఉంటుంది. కొన్ని బోర్డుల్లో అసలు మనం వాడుకునే లైటే ఉండదు. 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఒక ఎల్ఈడీ బయట పెట్టి చూడు. ఆదివారం సాయంత్రానికి అది ఆరివెలిగితే చాలు, మిగతా ప్రాజెక్ట్ గురించి రివ్యూలో ధైర్యంగా మాట్లాడొచ్చు.

ప్రశ్న: మేడమ్, మా ఈఎస్పీ32 బ్లింక్ బాగానే నడుస్తోంది. వైఫై ప్రోగ్రామ్ వేస్తే మాత్రం ‘బ్రౌన్ఔట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ అని వచ్చి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. ఎప్పుడైనా నిలబడినా హాట్‌స్పాట్ దొరకట్లేదంటోంది. కోడ్‌లో బ్రౌన్ఔట్‌ని ఆపేయమని సీనియర్లు చెప్తున్నారు. ఆపేయమంటారా?
– డిప్లొమా విద్యార్థులు, వరంగల్

జవాబు: ఆపకండి బాబూ. ఇంట్లో ఫ్యూజ్ ఊరికే కొట్టేస్తోందని దాని బదులు లావు తీగ చుట్టినట్టే ఉంటుంది అది. వోల్టేజి పడిపోతోందని చిప్ చెప్తోంది, ఎందుకు పడిపోతోందో చూడండి. బ్లింక్‌కి కరెంటు చాలా తక్కువ సరిపోతుంది. వైఫై సిగ్నల్ పంపే క్షణాల్లో మాత్రం ఒక్కసారిగా 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే ఆ క్షణంలో వోల్టేజి అందులోనే కరిగిపోతుంది. మళ్లీ వైరు దగ్గరికే వచ్చాం చూశారా! పొట్టిగా, కాస్త మందంగా ఉన్న వైరు తీసుకుని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, మధ్యలో హబ్ వద్దు. సర్వో మోటారు, రిలే లాంటివి బోర్డు మీది 3.3 వోల్ట్ పిన్ను నుంచి లాగుతుంటే వాటికి విడిగా సప్లై ఇచ్చి, గ్రౌండ్‌లు మాత్రం కలపండి.

హాట్‌స్పాట్ సంగతి వేరు. ఈఎస్పీ32కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఈమధ్య ఫోన్లు హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌లో పెడుతున్నాయి. ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చండి. ఐఫోన్ అయితే ‘మ్యాగ్జిమైజ్ కంపాటబిలిటీ’ ఆన్ చేయండి. కాలేజీ వైఫైలో పేరు, పాస్‌వర్డ్ అడిగే వెబ్ పేజీ వస్తుంటే దానిమీద ప్రయత్నం చేసి రోజులు పోగొట్టుకోకండి, బోర్డు ఆ పేజీ నింపలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, సరదాగా హార్డ్‌వేర్ మొదలుపెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. సీహెచ్340 ఉన్న బోర్డు పెడితే టీటీవై యూఎస్‌బీ0 అనే పోర్టు ఒక్క క్షణం వచ్చి మాయమవుతోంది. వైరు మంచిదే, ఫోన్‌తో చూశాను.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వైరు ముందే చూసుకున్నందుకు సంతోషం. మీ ఇబ్బందికి కారణం తెలిస్తే ఆశ్చర్యపోతారు. చూపులేనివాళ్లు వేళ్లతో చదువుకునే బ్రెయిలీ డిస్‌ప్లేలని నడిపే బీఆర్‌ఎల్‌టీటీవై అనే సేవ ఉబుంటుతోపాటే వస్తుంది. అలాంటి పరికరాల్లో ఒకటి వాడే యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య, సీహెచ్340 సంఖ్య ఒకటే. 22.04లో అది మీ బోర్డుని బ్రెయిలీ పరికరం అనుకుని పట్టేసుకుంటుంది. ఇంట్లో ఎవరికీ ఆ డిస్‌ప్లే అవసరం లేకపోతే ఆ ప్యాకేజీ తీసెయ్యండి. అవసరం ఉన్న ఇల్లయితే దయచేసి తియ్యొద్దు.

పోర్టు నిలబడ్డాక ‘పర్మిషన్ డినైడ్’ అంటే మీ యూజర్‌ని, పోర్టు వాడే అనుమతి ఉన్న డయల్‌ఔట్ గ్రూపులో చేర్చండి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రండి. చాలామంది ఆ చివరి పని చెయ్యకుండా గంటలు కూర్చుంటారు.

ప్రశ్న: మేడమ్, మా పాప ఎనిమిదో తరగతి. ఎలక్ట్రానిక్స్ అంటే ప్రాణం. హైదరాబాద్ వెళ్తున్నాను, కోఠి గుజరాతీ గల్లీలో ఏ బోర్డు కొనమంటారు? ఒకరు ఈఎస్పీ32 అంటారు, ఇంకొకరు ఆర్డునో అంటారు. నాకు ఇందులో ఏమీ తెలియదు.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: పాప ఇష్టాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నందుకు ముందు మీకు నమస్కారం. ఆర్డునో ఊనో కొనండి. ఈఎస్పీ32 వేగంలో, వైఫైలో గొప్పదే, కానీ దాని పిన్నులు 3.3 వోల్టులవి. పొరపాటున 5 వోల్టులు తగిలితే పాడయ్యే ప్రమాదం ఉంది. ఊనో పిన్నులు 5 వోల్టులవి, షాపుల్లో దొరికే మామూలు సెన్సర్లు చాలావరకు దానికి నేరుగా సరిపోతాయి. చిన్నపిల్లలు తప్పులు చేస్తారు, చెయ్యాలి కూడా. ఆ బోర్డులో నల్లటి చిప్ పొడవుగా, రెండు వరసల కాళ్లతో సాకెట్‌లో కూర్చున్న రకం అడిగి తీసుకోండి. ఎప్పుడైనా చిప్ కాలిపోతే అదొక్కటే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. బూట్‌లోడర్, అంటే కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ తీసుకునే చిన్న ప్రోగ్రామ్, ముందే వేసిన చిప్ కావాలని అడగాలి.

దానితోపాటు ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి కలిపే రంధ్రాల పలక), జంపర్ వైర్లు, 220 లేదా 330 ఓమ్ రెసిస్టర్లు ఓ పాతిక, రంగురంగుల ఎల్ఈడీలు, రెండు పుష్ బటన్లు చాలు. ముప్ఫై సెన్సర్ల పెద్ద కిట్ ఇప్పుడే వద్దు. పెట్టె తెరవగానే అన్నీ ఒకేసారి చెయ్యాలనిపించి, ఏదీ పూర్తవ్వదు. షాపులోనే బోర్డుని వాళ్ల కంప్యూటర్‌కి తగిలించి బ్లింక్ చూపించమనండి. వాళ్లు వాడిన ఆ వైరునే కొనుక్కుని రండి.

తక్కువ ధరకి వస్తుందని నానో బోర్డు తెస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అప్‌లోడ్ చేసేటప్పుడు ‘ప్రోగ్రామర్ ఈజ్ నాట్ రెస్పాండింగ్’ అని వస్తే, ఐడీఈలో ప్రాసెసర్ దగ్గర ‘ఓల్డ్ బూట్‌లోడర్’ ఎంచుకోవాలి. చాలా నకలు నానోలకి అది తప్పదు.

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై పికో కొన్నాను. పిన్నులు విడిగా ఇచ్చారు. రంధ్రాల్లో దూర్చి బ్రెడ్‌బోర్డులో పెట్టాను. సెన్సర్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు.
– ఇంటర్ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: దూర్చితే సరిపోదు నాన్నా, సోల్డర్ చెయ్యాలి. ఒత్తిడికి అంటుకుని ఉన్న లోహం గాలి వీచినా వదిలేస్తుంది. సోల్డరింగ్ రాకపోతే మీ ఊళ్లో టీవీలు బాగుచేసే షాపుకి తీసుకెళ్లు, పది నిమిషాల పని. పిన్నుల్ని ముందు బ్రెడ్‌బోర్డులో గుచ్చి, వాటిపైన పికో కూర్చోబెట్టి, అలాగే సోల్డర్ చేయమను. నిటారుగా వస్తాయి. ప్రోగ్రామ్ ఎక్కించడం పికోకి తేలిక. ‘బూట్‌సెల్’ బటన్ నొక్కిపట్టి వైరు పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలు అందులో వేస్తే చాలు. నీది వైఫై ఉన్న పికో డబ్ల్యూ అయితే మాత్రం మామూలు పికో కోసం 25వ పిన్నుతో రాసిన బ్లింక్ వెలగదు. అందులో లైటు వైఫై చిప్‌కి కలిపి ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నేను రైతుని. మా అబ్బాయి కాలేజీలో ఈఎస్పీ32 బోర్డు, అది చెప్పినట్టు కరెంటు కలిపి ఆపే స్విచ్ లాంటి రిలే తెచ్చాడు. తోటలో ట్యాంకు నిండితే బోరు మోటారు దానంతటదే ఆగేలా చేస్తానంటున్నాడు. మోటారు 5 హెచ్‌పీ, త్రీఫేజ్. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంది, సరిపోతుందంటాడు. చెయ్యనివ్వమంటారా?
– ఒక రైతు, కదిరి

జవాబు: తమ్ముడూ, చెయ్యనివ్వండి. కానీ రెండు భాగాలుగా చెయ్యనివ్వండి. మోటారు భాగం ఇప్పుడు వద్దు.

కారణం చెప్తాను, ఇది అబ్బాయికి కూడా చదివి వినిపించండి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఒక్కో ఫేజ్‌లో 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే మొదలయ్యే క్షణంలో దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఆ చిన్న రిలేలోని పాయింట్లు ఆ దెబ్బకి కరిగి అంటుకుపోతాయి. అంటుకున్నాక ఆపమని బోర్డు చెప్పినా మోటారు ఆగదు. పైగా అందులో ఉన్నది ఒక్క పాయింటే, మీకు మూడు ఫేజులున్నాయి. స్టార్టర్‌లో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్ ఉంటుంది, రిలే చెయ్యాల్సింది దాని కాయిల్‌ని ఆపడం మాత్రమే, మోటారు కరెంటుని మొయ్యాల్సింది కాంటాక్టరే. ఆ కాయిల్‌కి కూడా 415 వోల్టులు ఉండొచ్చు, రిలే మీద రాసి ఉండేది 250. అందుకే ఆ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చెయ్యాలి, మెయిన్ తీసి, టెస్టర్‌తో చూసి మరీ చెయ్యాలి. చుట్టూ తడి నేల ఉండే స్టార్టర్ డబ్బా దగ్గర పిల్లాడు ఒంటరిగా చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకండి.

మొదటి భాగం పూర్తిగా అబ్బాయికి వదిలెయ్యండి. ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో కొలిచి ఫోన్‌లో చూపించడం. బోర్డు యూఎస్‌బీ చార్జర్ మీద నడుస్తుంది, అందులో భయపడాల్సిందేమీ లేదు. మామూలు అల్ట్రాసోనిక్ సెన్సర్ ట్యాంకు చెమ్మకి ఎక్కువ కాలం ఉండదు. జేఎస్ఎన్ రకం, నీళ్లు దూరనిది తీసుకోమనండి. అది 25 సెంటీమీటర్ల కంటే దగ్గర ఉన్నదాన్ని సరిగ్గా కొలవలేదు కాబట్టి, ట్యాంకు పూర్తిగా నిండినా నీళ్లకీ సెన్సర్‌కీ మధ్య ఆ జాగా ఉండేలా పైన బిగించాలి. సెన్సర్‌ని 5 వోల్టుల మీద నడిపితే అది తిరిగి పంపే సిగ్నల్ కూడా 5 వోల్టులే ఉంటుంది, బోర్డు పిన్నుకి నేరుగా ఇవ్వకూడదు. సెన్సర్‌లో ఆ సిగ్నల్ వచ్చే ఎకో పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, రెండూ కలిసిన చోటు నుంచి బోర్డుకి తీసుకుంటే 3.3 వోల్టులకి దిగుతుంది.

ఇంకో సంగతి, మీ ప్రాంతం ఎండకి ఇది పనికొస్తుంది. శబ్దం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు పోతే, 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లు పోతుంది. కోడ్‌లో 343 అనే ఉంచితే మిట్టమధ్యాహ్నం మీటరు దూరానికి మూడున్నర సెంటీమీటర్లు తేడా చూపిస్తుంది. ఉదయం ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క వస్తోందని సెన్సర్ని తిట్టుకోకుండా, పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టి సరిచెయ్యమనండి.

ఒక నెలపాటు పొద్దున, సాయంత్రం ట్యాంకులోకి కర్ర దించి మీరు కొలిచిన లోతు, ఫోన్ చూపించిన లోతు నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి. కరెంటు పోయి వచ్చిన రోజుల్లో బోర్డు దానంతటదే మేలుకుందో లేదో కూడా రాయండి. ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపండి. స్టార్టర్ డబ్బా మూత లోపల అతికించిన వైరింగ్ బొమ్మ ఉంటే, మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తోనే మూత తీయించి దాని ఫొటో కూడా జత చేయండి. కాయిల్ ఎన్ని వోల్టులదో చూసి, రిలే ఎక్కడ కలపాలో మీ ఎలక్ట్రీషియన్‌కి అర్థమయ్యేలా గీసి పంపిస్తాను.